ఇంజన్ స్టాండ్ ఎక్కే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన వర్క్‌షాపులోకి ఈ నెల ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్ వచ్చింది. నీళ్లు అక్కర్లేని ఇంజన్ అని పిల్లలు ఇంట్లో ఇప్పటికే చెప్పి ఉంటారు. నిజమే, దీనికి రేడియేటర్ లేదు. ఫ్యాన్ తోసే గాలి సిలిండర్ల రెక్కల మధ్య నుంచి పోతూ వేడిని లాగేస్తుంది. సిలిండర్లు ఇటు రెండు, అటు రెండు పడుకున్నట్టు ఉంటాయి. ఈ కారు తయారీ 2003లో మెక్సికోలో ఆగిపోయింది. అయినా ఇంజన్ ఎలా పనిచేస్తుందో విప్పి చూపించడానికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు.

విప్పాలంటే ముందు స్టాండ్‌కు బిగించాలి. నాకు టెన్షన్‌గా ఉన్నది ఈ ఒక్క పని గురించే. ఇంజన్ బరువు సుమారు 100 కిలోలు. స్టాండ్ దాన్ని ఒక్క వైపు నుంచే పట్టుకుంటుంది, మిగతాదంతా గాల్లోనే. అందుకే మూడు చక్రాల స్టాండ్ వద్దని నాలుగు చక్రాలది తెప్పించాం. మూడు చక్రాలది పక్కకు ఒరిగే ప్రమాదం ఎక్కువ.

ముందుగా రెండున్నర లీటర్ల ఆయిల్ దించేశారు, క్లచ్ విప్పారు. ఈ ఇంజన్ కేసు, అంటే బయటి పెంకు, నిలువునా రెండు సగాలుగా విడిపోతుంది. ఇంజన్‌ను స్టాండ్‌కు కలిపే అర్ధచంద్రాకారపు బ్రాకెట్ ఒక సగాన్నే పట్టుకుంటే రెండో సగం సులువుగా ఊడి వస్తుంది. కేసు మెగ్నీషియం మిశ్రమలోహం. కేసులో దిగి ఉండే మరల కడ్డీ (స్టడ్) మీద బలం చూపిస్తే మరలతో సహా ఊడి చేతికొస్తుంది. మొన్న ఒక అమ్మాయి నట్టుకు స్పానర్ పెట్టింది, బిగుతుగా అనిపించి ఆగింది. వెనక్కి తిప్పి తీసి, స్టడ్‌ను గుడ్డతో తుడిచి, ఈసారి వేళ్లతోనే నాలుగు చుట్లు ఎక్కించింది. ఎవరూ తొందరపెట్టలేదు. నాకు ఎంత సంతోషమేసిందో!

వచ్చే వారం ఎత్తుతాం. ఇంజన్ చెయిన్ బ్లాక్‌కు (బరువులెత్తే గొలుసు కప్పీకి) వేలాడుతుండగానే బ్రాకెట్ గొట్టాన్ని స్టాండ్‌లోకి తోసి, లాక్ పిన్ను పెడతాం. ఆ తర్వాతే చెయిన్‌ను కొద్దికొద్దిగా వదులుతాం. చెయిన్ లాగేది టీచర్లే. గీసిన గీతకు అవతలే పిల్లలు నిలబడతారు, ఇంజన్ కిందికి ఎవరి చెయ్యీ, కాలూ వెళ్లదు.

ఆ రోజు పిల్లలను బూట్లతో, జుట్టు ముడి వేసి, ఉంగరాలు లేకుండా పంపండి. అనుమతి పత్రం శుక్రవారంలోగా సంతకంతో అందాలి. ఎత్తేటప్పుడు మీరూ వచ్చి చూడొచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు