కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలన్నది మన నియమం కాబట్టి చదువుతున్నాను. దసరా, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు మీరు చూశారు, పులిహోరలో ఉప్పు తగ్గిందన్న ఫిర్యాదులు నేను విన్నాను. ఈసారి గట్టిగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో ఇల్లు కొనేవారి కోసం పెట్టిన సభ గురించి.

మనవాళ్లు ఇంగ్లండ్‌లోనూ ఉన్నారు, స్కాట్లండ్, వేల్స్‌లలోనూ ఉన్నారు. ఇల్లు కొన్నప్పుడు కట్టే పన్నుని అందరం స్టాంప్ డ్యూటీ అనే అంటాం గానీ స్కాట్లండ్ 2015 ఏప్రిల్ నుంచి, వేల్స్ 2018 ఏప్రిల్ నుంచి తమ పన్ను తామే వేసుకుంటున్నాయి. లండన్‌లో ఉన్న బావగారి లెక్క ఎడిన్‌బరోలో పనికిరాదు.

సభ కోసం అక్టోబర్‌లోనే కరపత్రం అచ్చు వేయించాం. నెలాఖరులో యూకే బడ్జెట్ వచ్చింది. ఇంగ్లండ్‌లో, ఇంకో ఇల్లు ఉన్నవారిపై వేసే అదనపు పన్ను మర్నాటి నుంచే 3 శాతం నుంచి 5 అయింది. మళ్లీ వేయించాం. డిసెంబర్ 5న స్కాట్లండ్ 6ను 8 చేసింది, 11న వేల్స్ కూడా ఒక శాతం పెంచింది. మూడోసారి అచ్చుకి వెళ్లినప్పుడు ప్రెస్ ఆయన "మళ్లీనా?" అన్నాడు.

2025 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో పన్ను పడని ధర పరిమితులు కూడా తగ్గాయి కాబట్టి, బోర్డు మీద ముందే ఆ లెక్క వేశాం. 3 లక్షల పౌండ్ల ఇల్లు, మొదటిసారి కొంటున్నవారైతే ఇంగ్లండ్‌లో పన్ను సున్నా, స్కాట్లండ్‌లో 4,000, వేల్స్‌లో 4,500. వేల్స్‌లో మొదటి ఇంటికంటూ రాయితీ లేదు. ఉన్న ఇల్లు అమ్మి అదే ధరలో ఇంకోటి కొంటే వరస తలకిందులవుతుంది: ఇంగ్లండ్‌లో 5,000, స్కాట్లండ్‌లో 4,600, వేల్స్‌లో అదే 4,500. 2,20,000 ఇంటికైతే వేల్స్‌లో ఏమీ కట్టక్కర్లేదు.

హాలు నిశ్శబ్దమైంది మాత్రం ఈ లెక్కలకి కాదు. ముందు వరుసలో ఓ జంట, ఇంగ్లండ్‌లో మొదటి ఇల్లు, పన్ను సున్నా అని సంతోషంగా రాసుకున్నారు. "ఊళ్లో మీ పేరున ఏమైనా ఉందా?" అని అడిగాను. ఆయన లేదండీ అన్నారు. ఆవిడ మెల్లిగా, "మావయ్యగారు మీ పేరున రాసిన ఇంట్లో వాటా ఉంది కదండీ" అన్నారు. ప్రపంచంలో ఎక్కడైనా, వారసత్వంగా గానీ బహుమతిగా గానీ ఇంట్లో వాటా వచ్చి ఉంటే మొదటిసారి కొంటున్నట్టు కాదు. ఇద్దరి పేరున కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. ఆ వాటా విలువ 40,000 పౌండ్ల లోపే కాబట్టి 5 శాతం అదనపు పన్ను తప్పింది. సున్నా మాత్రం 5,000 అయింది. వాళ్ల సొలిసిటర్ ఈ ప్రశ్న ఒక్కసారీ అడగలేదట! ఆ తర్వాత సగం హాలు ఫోన్లు పట్టుకుని బయటికెళ్లింది, ఇంటికి ఫోన్ చేయడానికి.

ప్రొజెక్టర్ ఇచ్చినవారికి, టీ కాచిన అక్కయ్యలకి, ఉచితంగా వచ్చి మాట్లాడిన ఇద్దరు అకౌంటెంట్లకి, కుర్చీలు సర్దిన పిల్లలకి కృతజ్ఞతలు. వాలంటీర్లుగా పేరిచ్చినవారు పదకొండు మంది, వచ్చినవారు ముగ్గురు. మిగతా ఎనిమిది మందీ వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టారు. కరపత్రం తెలుగులో వేయడానికి సాయం కావాలని ఒక ప్రభుత్వ కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాం. మీ ఉత్తరం అందింది అన్న జవాబు రెండుసార్లూ వచ్చింది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, కాపీలు వెనక బల్ల మీద ఉన్నాయి. అచ్చు ఖర్చు మూడింతలు ఎందుకైందో పైన చెప్పాను, మళ్లీ అడగకండి.

వేల్స్ రేట్లు గమనించే పనికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. కార్డిఫ్ వాళ్లు టీ విరామంలో నన్ను కలవండి.