దుబాయ్ వదిలేటప్పుడు మా వెంట తిరిగినవారికి కృతజ్ఞతలు

పదకొండేళ్ల తరువాత దుబాయ్‌లో ఇల్లు ఖాళీ చేసి నిజామాబాద్‌కు చేరుకున్న మా కుటుంబం తరఫున, అక్కడి చివరి ఆరు వారాల్లో మాకు తోడుగా నిలిచినవారికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వారిలో ఇద్దరు తమ పేర్లు రాయవద్దని ముందే మాట తీసుకున్నందువల్ల ఎవరి పేరూ పెట్టడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

ముందుగా ఖుసైస్‌లో మా పై అంతస్తులో ఉండే జగిత్యాల అన్నకు. రాజీనామా ఇచ్చానని చెప్పిన రోజు ఆయన టికెట్ల మాట ఎత్తనేలేదు. "లోన్ కట్టినవు సరే, బ్యాంకుల ఇచ్చిన చెక్కు వాపస్ తీసుకున్నవా తమ్మీ?" అన్నారు. 2016లో కారు అప్పుకు హామీగా తేదీ వేయకుండా సంతకం చేసి ఇచ్చిన ఆ చెక్కును, 2020లో అప్పు తీరిపోయాక నేను పూర్తిగా మరచిపోయాను. చెక్కు చెల్లకపోతే జైలు అనే పాత పద్ధతి 2022 నుంచి చాలావరకు సడలింది గాని, అలాంటి చెక్కుతో నేరుగా కోర్టులో వసూలుకు వెళ్లే వీలు ఇప్పటికీ ఉంది. నేను అప్పు తీసుకున్న శాఖ మూతపడింది. కాగితాలు ఇంకో శాఖలో ఉన్నాయన్నారు, ఆ శాఖవారు మళ్లీ మొదటివారినే అడగమన్నారు. అన్న తన శనివారాలు రెండు నాకోసం వదులుకొని, చెక్కుతోపాటు బాకీ లేదనే ఉత్తరం కూడా నా చేతికి వచ్చేదాకా వెంట తిరిగారు. ఆ ఉత్తరం అడిగినప్పుడే, నేను ఎన్నడూ వాడని ఒక క్రెడిట్ కార్డు మీద ఏటేటా రుసుము పేరుకుపోయిందని బయటపడింది. ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే చివరి సెటిల్‌మెంట్ సొమ్ము పడగానే బాకీలు తేలేదాకా బ్యాంకులు ఖాతాను ఆపి ఉంచడం అక్కడ మామూలు కనుక, ఆ కొద్దిపాటి బాకీకి నా సర్వీసు డబ్బంతా చిక్కుకొని ఉండేది.

ఇక ఆ సర్వీసు డబ్బు నాకు సరిగా అందడం అనకాపల్లి అక్కగారి చలవే. అక్కడి కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజుల చొప్పున మూల వేతనం గ్రాట్యుటీగా రావాలి. మా కంపెనీ ఇచ్చిన లెక్కలో పదకొండేళ్లకూ 21 రోజులే వేసి 231 రోజులు చూపారు. లెక్కల్లోనే ఉద్యోగం చేసే నేను దానికి తలాడించి సంతకానికి సిద్ధపడితే, అక్కగారు ఫోన్లోనే విని 285 రోజులు రావాలని తేల్చారు. 54 రోజుల జీతం! కంపెనీవారు కూడా చూపించిన వెంటనే పొరపాటు ఒప్పుకొని సరిదిద్దారు, అది చెప్పకపోతే తప్పు.

భార్యాపిల్లల వీసాలు ముందు రద్దయితే గాని నా వీసా రద్దు కాదని ఓపికగా చెప్పి, మా కాగితాలన్నీ వరసగా పెట్టిచ్చిన, వీసా ఫారాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్ మలయాళీ సోదరునికి, పాప టీసీ కోసం రెండుసార్లు బడికి వెళ్లివచ్చిన మా ఆవిడ స్నేహితురాలికి కూడా ధన్యవాదాలు.

గుంటూరు తమ్ముడు మా సోఫాలు అమ్మిపెట్టాడు, విమానాశ్రయం దాకా దిగబెట్టాడు. కానీ ఆయన చేసిన అసలు మేలు ఒక్క మాట. సిమ్ కార్డును తొందరపడి రద్దు చేయవద్దన్నాడు. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు అక్కడి సర్కారు సంస్థ 'దేవా' (DEWA)లో కట్టిన 2000 దిర్హముల డిపాజిట్ మేము ఇండియాకు వచ్చాకే ఖాతాలో పడింది. దాన్ని ఇక్కడికి పంపుకోవడానికి కావలసిన ఓటీపీ ఆ నంబరుకే వచ్చింది.

స్థిరపడటానికి తిరిగి వచ్చినవారు విదేశాల్లో ఉండే భారతీయుల కోసం ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఎన్ఆర్ఈ ఖాతాను అలాగే ఉంచుకోకూడదని చెప్పి, దాన్ని మామూలు ఖాతాగా మార్చించి, ఫారాలు దగ్గర కూర్చుని నింపించిన మా బాబాయిగారికి నమస్కారాలు.

బాకీలన్నీ తీర్చి వచ్చాననుకున్నాను గాని, బ్యాంకుకు తిరిగిన రోజుల్లో పార్కింగ్‌కు అన్న పెట్టిన 20 దిర్హములు ఇంకా ఉన్నాయి. పంపుతానంటే "ఊళ్లె ఇయ్యి" అన్నారు. దసరాకు వస్తున్నారట.