చెరువు తెప్పల జమా ఖర్చులు: ఊరివారికి కమిటీ వివరణ

అందరికీ నమస్కారం. చెరువు నీళ్లు బాగుపడాలని పైపులు, వెదురుతో కట్టి, మొక్కలు నాటి వదిలిన తెప్పల లెక్క ఇది. దసరాకే చెప్పాల్సింది, ఆలస్యమైంది. ఈలోపు "నాలుగు పైపులకు యాభై వేలా?" అన్న మాట ఊరంతా తిరిగింది కాబట్టి వివరంగానే రాస్తున్నాం.

జమ: 162 ఇళ్ల నుంచి ఇంటికి 200 చొప్పున రూ. 32,400. హైదరాబాద్‌లో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు 15,000. మత్స్యకారుల సంఘం 5,000. పేరు చెప్పొద్దన్న ఒక పెద్దాయన 1,116. మొత్తం 53,516. ఇచ్చినవారందరికీ దండాలు. ఇంకా 23 ఇళ్లు బాకీ. పేర్లు రాయడం లేదు. కాకపోతే బోనాలప్పుడు మైకులో ఐదేసి వేలు ప్రకటించి శాలువా కప్పించుకున్న ఇద్దరు కనీసం ఫోన్ ఎత్తితే బాగుంటుంది.

ఖర్చు:
పైపులు, ఎల్బోలు, గమ్ము: 14,850
వెదురు: 3,600
వట్టివేరు, మెట్టతామర మొక్కలు: 4,200 (జమ్ము గడ్డి కాలువలోనే దొరికింది)
గుర్రపుడెక్క తీసిన కూలీ, 20 మందికి 450 చొప్పున: 9,000
టీ, టిఫిన్లు: 1,340
నీటి పరీక్షలు మూడుసార్లు: 7,200
మళ్లీ మొక్కలు, వల, తాళ్లు: 8,960
మొత్తం 49,150. నిల్వ 4,366.

అందరూ నిలదీసేది ఆ 8,960 గురించే. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో వేసిన తేలే దీవిని చూసొచ్చి మన డిగ్రీ పిల్లలు ఈ తెప్పలు కట్టారు. మొక్క పైన, వేళ్లు నీళ్లలో. ఆ వేళ్లకు పట్టే సూక్ష్మజీవులు మురికిని తింటాయి, నత్రజని, భాస్వరం మొక్క పీల్చుకుంటుంది. అంటే వేళ్లుంటేనే పని. రెండో ఆదివారం తెప్ప తిరగేస్తే వేళ్లు కత్తెరతో కత్తిరించినట్టు అర అంగుళం మిగిలాయి. గడ్డిచేపల పని! సంఘం వాళ్లు ముందే హెచ్చరించారు. కింద వల కట్టాలని పిల్లలూ అడిగారు. 3,400 మిగులుతాయని వద్దన్నది కమిటీయే. ఆ తప్పు మాది, పిల్లలది కాదు. చివరికి ఆ వలే కొన్నాం, మొక్కలకు మళ్లీ 4,200 పెట్టాం, తాళ్లకు, ట్రాక్టరు కిరాయికి 1,360 అయింది. వానల్లో చెరువులోకి దిగలేక నెల రోజులు ఆగాం. డబ్బు ఎవరి జేబులోకీ పోలేదు.

పరీక్షలెందుకు, వాసన తగ్గింది కదా అంటున్నారు. బీఓడీ అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్, అది ఎంత ఎక్కువైతే నీళ్లు అంత మురికి. అది మొదట లీటరుకు 18 మిల్లీగ్రాములు, రెండోసారి 13. స్నానానికి పనికిరావాలంటే 3 దాటకూడదు. ఈ తగ్గుదలలో వానల వాటా ఉండొచ్చని పిల్లలే అన్నారు, అందుకే మూడోసారి పంపాం. డబ్బు కట్టేశాం, రిపోర్టు ఇంకా రాలేదు. మురుగు కాలువలు చెరువులో కలుస్తున్నంత కాలం తెప్పలొక్కటే చాలవని కూడా వాళ్లు మొదటి మీటింగులోనే చెప్పారు.

బిల్లుల ఫైలు గ్రంథాలయంలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. టీ కొట్టుది మాత్రం బిల్లు కాదు, చీటీ.