మైకు వినేది, స్పీకరు వినిపించేది

సంపాదకుల వారికి,

ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవడం ఎలాగో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. ఉద్దేశం మంచిదే. చిక్కంతా ‘సౌండ్’ అన్న మాట దగ్గరే వచ్చింది. గెయిన్ అనాల్సిన చోటా సౌండే, వాల్యూమ్ అనాల్సిన చోటా సౌండే, బయటి రొదా సౌండే, గదిలో మిగిలే మోతా సౌండే. ఇంగ్లిష్ మాట వాడారని మా ఫిర్యాదు కాదు, మేమూ రోజంతా ఆ మాటలతోనే బతుకుతాం. కానీ నాలుగు వేర్వేరు సంగతుల్ని ఒకే పేరుతో పిలిస్తే చదివినవాళ్ల చెయ్యి తప్పు మీట మీద పడుతుంది.

మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం మిల్లీవోల్టుల్లో ఉంటుంది. రికార్డయ్యే ముందు దాన్ని ఎంత పెంచాలన్నది గెయిన్. రికార్డయిన దాన్ని మన చెవికి ఎంత గట్టిగా వినిపించాలన్నది వాల్యూమ్. హెడ్‌ఫోన్‌లో సన్నగా వినపడుతోందని గెయిన్ తిప్పేస్తే, చరణంలో గొంతు లేచినప్పుడు ‘క్లిప్’ అవుతుంది, అంటే శబ్దపు అలల తలలు తెగిపోయి గరగరమంటుంది. తర్వాత వాల్యూమ్ తగ్గించుకుంటే వినపడేది చిన్న గరగర, అంతే. కాబట్టి పల్లవితో కాకుండా, పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే పంక్తితో సరిచూడాలి. ఆ పంక్తిలో రికార్డర్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా గెయిన్ పెట్టి, ఇక దాన్ని ముట్టుకోకూడదు. అసలు టేకులో ఉత్సాహం వచ్చి గాయకులు ఇంకో ఐదారు డెసిబెల్స్ పైకి పోతారు, దాదాపు ప్రతిసారీ పోతారు. టేపు కాలంలో లెవెల్ తక్కువ పెడితే టేపు సొంత ‘స్స్’ శబ్దం పైకి తేలేది, అందుకే ఎర్రగీత దాకా ఎక్కించేవాళ్లు. ఇప్పుడు డిజిటల్‌గా, 24 బిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే ఆ భయం లేదు. పాత అలవాటు మాత్రం వదల్లేదు.

ఈ మైనస్ గుర్తు చూసి ‘సున్నాకంటే తక్కువ, అంటే వినపడదు’ అనుకునేవాళ్లు చాలామంది. పత్రికల్లో కనిపించే డెసిబెల్ వేరే కొలబద్ద. శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 అంటారు. అది చెవికి ఆనే అతి చిన్న శబ్దం నుంచి పైకి లెక్కపెట్టేది. రికార్డర్‌లో సున్నా అంటే పైకప్పు, దాని కింద ఎంత ఖాళీ మిగిలిందో మైనస్ చెబుతుంది. నిమజ్జనం వార్తల్లో 80 డెసిబెల్స్ అంటే 40కి రెట్టింపు అని రాస్తుంటారు. ప్రతి 10 డెసిబెల్స్‌కీ శక్తి పది రెట్లు పెరుగుతుంది, కాబట్టి ఆ తేడా పదివేల రెట్లు.

ఇక మైకు. గుడి గోపురం మీద మోగేదాన్నీ, ఆటో మీద ప్రచారం చేసేదాన్నీ కూడా మనం మైకే అంటాం. జనం నోట్లో స్థిరపడిన మాట, దాన్ని మార్చమని అడగడం లేదు. కానీ సభలో మైకు కుయ్యిమన్నప్పుడు తప్పు ఏ వస్తువుదో చెప్పాలంటే వినే మైకునీ, వినిపించే స్పీకరునీ విడదీయక తప్పదు. స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ పెరిగి, మళ్లీ స్పీకరుకే చేరడమే ఆ కూత. వక్త వెంటనే మైకు జాలీని గుప్పిట్లో మూసేస్తాడు. కూత ఇంకా పెరుగుతుంది! చాలా చేతి మైకులు వెనకవైపు శబ్దాన్ని పక్కన పెట్టేది జాలీ అడుగున ఉన్న రంధ్రాల సాయంతోనే. గుప్పిటతో వాటిని మూస్తే మైకు అన్నివైపులా వినడం మొదలుపెడుతుంది. స్పీకర్లు వక్తకంటే ముందు ఉండాలి, మైకు వీపు వాటివైపు ఉండాలి.

వ్యాసం ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దూరం. నోటికీ మైకుకీ మధ్య 30 సెంటీమీటర్లున్నదాన్ని 15కి తెస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత ఉన్నచోటే ఉంటుంది. రూపాయి ఖర్చు లేదు. దగ్గరైతే ప, బ, ఫ, భ అక్షరాల గాలి దెబ్బ మైకుకి తగిలి ‘బుప్’ మంటుంది. మన భాషలో ఒత్తక్షరాలున్నాయి కాబట్టి ‘భక్తి’, ‘ఫలం’ లాంటి మాటల దగ్గర మరీ. మైకుని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి పెట్టి, ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ గుడ్డ బిగించి మధ్యలో నిలబెడితే చాలావరకు పోతుంది.

పన్నెండడుగుల గదిలో ‘ఎకో’ వస్తుందని రాశారు. రాదు. పలికిన మాట విడిగా తిరిగి వినపడాలంటే సెకనులో పదో వంతు ఆలస్యం కావాలి, అంటే గోడ సుమారు 17 మీటర్ల దూరంలో ఉండాలి. అది ప్రతిధ్వని. చిన్న గదిలో మాట తోక సాగినట్టు మిగిలేది ప్రతినాదం, బడి పుస్తకాల్లో ఉన్న మాటే. గోల్కొండలో ద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్ మీద వినపడటాన్ని కూడా ఎకో అనే రాస్తారు. చప్పట్లు కొట్టినవాడికి తిరిగి రానిది ప్రతిధ్వని ఎలా అవుతుందో!

మాట తేలితే మందు తేలుతుంది. ప్రతినాదానికి పరుపులు, మందపాటి కర్టెన్లు, బట్టలు నిండిన తలుపు తీసిన బీరువా పనికొస్తాయి. బయటి హారన్లకి ఇవేవీ అడ్డు కావు. దానికి బరువైన గోడ, సందు లేని తలుపు కావాలి. గుడ్ల ట్రేలు రెంటికీ చాలవు. పల్చటి అట్ట కాబట్టి పైస్థాయి కీచు శబ్దాలను కాస్త మింగి, కింది గుమ్మును అలాగే వదిలేస్తాయి. ఫలితం పెట్టెలో పాడినట్టుంటుంది. గోడలకు వాటిని అంటించడాన్ని మీ వ్యాసంలో ‘సౌండ్ ప్రూఫ్’ అన్నారు. శబ్దాన్ని ఆపడం వేరు, మింగడం వేరు.

మీ సినిమా పేజీకీ ఒక మాట. నేపథ్య సంగీతాన్ని రీరికార్డింగ్ అనడం మన పరిశ్రమ వాడుక. అసలు అర్థంలో అది మాటలు, సంగీతం, అడుగుల చప్పుడు, గాలి, వాన అన్నీ కలిపి చివరి ట్రాకుగా మళ్లీ రికార్డు చేయడం, ఈరోజు ఫైనల్ మిక్స్ అంటున్న పని. ‘రీరికార్డింగ్‌లో మాటలు వినపడలేదు’ అని సమీక్షకులు రాస్తే తప్పు సంగీత దర్శకుడిదో, మిక్సింగ్ ఇంజినీరుదో పాఠకుడికి తెలియదు. పాత సినిమాల టైటిళ్లలో ఛాయాగ్రహణం పక్కనే శబ్దగ్రహణం అని ఉండేది. మొదటిది మీ పేజీలో ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తోంది, రెండోది కనిపించడం లేదు.

మిగతా వాటికి తొందర లేదు. గుడ్ల ట్రేల సంగతి మాత్రం వచ్చే ఆదివారమే సవరించండి. ఎండిన అట్టకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, ఇంటి స్టూడియోలో ఆ గోడ వెంబడే ప్లగ్గులూ వైర్లూ ఉంటాయి.

– కొందరు సౌండ్ ఇంజినీర్లు, కృష్ణానగర్, హైదరాబాద్