అనంతపురం మున్సిపల్ కమిషనర్ గారికి: గేటు లోపలి కుక్కల గురించి కూడా కాస్త ఆలోచించండి

కమిషనర్ గారికి నమస్కారం.

కుక్కలు అనగానే మన ఊళ్లో అందరూ వీధికుక్కల గురించే మాట్లాడతారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆర్డర్లు వచ్చినప్పట్నుంచి మరీ ఎక్కువైంది, టీ అంగడి దగ్గర కూర్చుంటే చాలు, పట్టుకుపోవాలా వదిలేయాలా అని పెద్ద పంచాయితీ. అందులోకి నేను పోను. నేను రాసేది డబ్బులు పోసి కొనుక్కొచ్చి, పేరు పెట్టి, బెల్టు కట్టి పెంచుకునే కుక్కల గురించి. నాది ఇంటింటికీ పార్సిళ్లు ఇచ్చే పని. రాంనగర్, సాయినగర్, హౌసింగ్ బోర్డు, ఎక్కడికి పోయినా బెల్లు కొట్టేముందు గేటు సందులోంచి లోపలికి తొంగిచూడ్డం మా వాళ్లందరికీ అలవాటైపోయింది.

ఒక ఇంటి సంగతి చెప్తాను. మెట్ల కింద రాట్‌వీలర్‌ను కట్టేసి ఉంటారు. గొలుసు నాలుగు మూరలకు మించదు. అది అటూ ఇటూ తిరిగి తిరిగి, గొలుసు రాసుకుని కింద బండ మీద అర్ధచంద్రాకారంలో గీత పడిపోయింది. పక్కన సత్తు గిన్నెలో పెరుగన్నం ఎండిపోయి చీమలు పట్టి ఉంటుంది. మన ఎండల గురించి మీకు చెప్పాల్సిన పనిలేదు, ఏప్రిల్ వచ్చిందంటే ఆ బండ మీద చెప్పుల్లేకుండా మనం నిలబడలేం. నేను గేటు తీస్తే అది మొరగదు. ఒళ్లంతా బిగబట్టి, నోరు మూసుకుని, కదలకుండా నన్నే చూస్తుంది, తోక మాత్రం పైకెత్తి చిన్నగా ఆడిస్తుంది. లోపల్నుంచి ఆ ఇంటామె "ఏం చెయ్యదు లేప్పా, రా, తోక ఊపుతోంది సూడు" అంటుంది.

తోక ఊపితే ప్రేమే అని మనకు ఎవరు చెప్పారో గానీ, ఒళ్లు వదులుగా ఉండి నడుముతో సహా ఊగితేనే అది సంతోషం. ఒళ్లు బిగుసుకుని తోక నిటారుగా పెట్టి ఆడిస్తే, దగ్గరికి రావద్దని. ఊరికే మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల పక్కకు తిప్పి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడ్డం, ఇవన్నీ కరవబోయే ముందు కుక్క ఇచ్చే నోటీసులు. గుర్రుమనడం దాదాపు ఆఖరి నోటీసు. మనవాళ్లేమో గుర్రుమన్న కుక్కను కట్టె తీసుకుని బాదుతారు. దెబ్బలకు భయపడి అది గుర్రుమనడం మానేస్తుంది, లోపలి భయం, కోపం ఎక్కడికీ పోవు, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. "ఉన్నట్టుండి మీద పడింది" అనే మాట వెనకాల చాలాసార్లు ఉండేది ఇదే.

మీరు జాతుల జోలికి పోతారేమో అని నా భయం. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపేయమని రాష్ట్రాలకు లెటర్ రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, మే నెలలో చెన్నై పార్కులో రెండు రాట్‌వీలర్లు ఐదేళ్ల పాపను కరిచేసరికి మళ్లీ నిషేధం మాట మొదలైంది. పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దదే, కాదనను. కానీ నా వరకు నన్ను కరిచింది ఒక తెల్ల పొమేరియన్, దాన్ని ఏ జాబితాలోనూ ఎవరూ రాయలేదు. రాట్‌వీలర్ పుట్టిందే జర్మనీలో పశువుల్ని తోలే పనికి. అంత దూరం నడవాల్సిన జంతువును మెట్ల కింద కట్టేసి, అది మంచిగా ఉండాలంటే ఎట్లుంటుంది? మన పక్క గొర్రెల మంద వెంట పొద్దస్తమానం తిరిగే నాటుకుక్కలకు కనీసం ఆ తిరుగుడు ఉంది.

అసలు తేడా మొదట్లోనే జరుగుతోంది. బెంగళూరు నుంచి నెల పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంటున్నారు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ వయసులో తల్లితో, తోటి పిల్లలతో ఆడుకుంటూనే ఎంత గట్టిగా కొరకాలో నేర్చుకుంటుంది. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, ఎక్కిన బండ్లు, వీటికే అది జీవితమంతా అలవాటు పడేది. మనవాళ్లు సరిగ్గా ఆ నెలల్లో దాన్ని మిద్దె మీద పెట్టి, కాపలాకు పనికొస్తుందని ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. పైగా రోషం రావాలని కారం కలిపిన అన్నం పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, వచ్చేది కడుపు మంట. ఇక అప్పటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి మీదికొస్తుంటే ముందు చెవిలో చీము పట్టిందేమో, కీళ్ల నొప్పి ఉందేమో చూడాలి, అంటే కట్టె పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి.

చట్టం లేదని ఎవరూ అనలేరు సార్. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 చూడండి, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం, రెండూ నేరాలే. పెంపుడు కుక్క వల్ల జనానికి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. "కుక్క ఉంది జాగ్రత్త" అని బోర్డు పెడితే తమ పని అయిపోయిందనుకుంటున్నారు అందరూ.

ఆ పొమేరియన్ వాళ్లు "మాదానికి టీకా వేయించినాం, నీకు సూది అవసరం లేదు" అన్నారు. కార్డు చూపించమంటే ఇంట్లో యాడో ఉందన్నారు. నేను పదిహేను నిమిషాలు కొళాయి కింద సబ్బుతో కడుక్కుని సూదులు వేయించుకున్నాననుకోండి, కానీ అట్లాంటి మాట నమ్మి, పసుపు పెట్టి ఊరుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

అందుకే అడిగేది ఒకటే. పెంపుడు కుక్కల రిజిస్ట్రేషన్‌ను వార్డు సచివాలయంలోనే పెట్టి గట్టిగా అమలు చేయండి, బెల్టుకు నంబరు బిళ్ల వేయండి, ఆ నంబరు చెప్తే టీకా ఎప్పుడు వేశారో తెలియాలి. ఫారంలో జాతి పేరు ఒక్కటే అడిగి వదిలేయకండి. రోజుకు ఎన్ని గంటలు కట్టేస్తారు, ఎవరు తిప్పుతారు, ఇంతకుముందు ఎవర్నైనా కరిచిందా అని కూడా అడగండి. కరిచిందని చెప్పిన ఇంటికి, ఫైన్ రాసేవాళ్లకంటే ముందు ఒక పశువైద్యుణ్ణి పంపండి, గొలుసు పొడవు, కట్టేసిన చోటు ఆయన కళ్లతో చూసి వస్తారు. మళ్లీ కరిస్తే అప్పుడు ఫైన్, మూతికి జాలీ, ఏదైనా సరే. ఏటా జులై 6న జూనోసిస్ దినమని (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల గురించి జరిపే రోజు) పశువుల ఆసుపత్రిలో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు, జనం కుక్కల్ని ఎత్తుకుని వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆ రోజు అక్కడే ఒక టేబుల్, ఇద్దరు మనుషుల్ని వేసి ఈ పని మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ ఊళ్లో గేట్లు తీసుకుని తిరిగే ఒక పార్సిల్ మనిషి