కాలిపర్ పిస్టన్ జామైతే: బండి విప్పే ముందు చదవండి

అన్నలూ, నిన్న చెన్నై అడయార్‌లో నా పాత బండి ముందు బ్రేక్ విప్పాను. కాలిపర్‌లో, అంటే ప్యాడ్లతో డిస్కును పట్టి ఆపే భాగంలో, ప్యాడ్లను తోసే రెండు పిస్టన్లలో ఒకటి ఉలకదు పలకదు. సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి నిలబెడితే ఇంకేమవుతుంది!

తొందరపడి బ్రేక్ గొట్టం పీకేయకండి, పిస్టన్‌ను తోసేది అందులోంచి వచ్చే ఆయిల్ ఒత్తిడే. ప్యాడ్లు తీసి, కదిలే పిస్టన్‌ను చెక్కముక్క అడ్డంపెట్టి క్లాంపుతో బిగించి, లివర్ మెల్లగా నొక్కుతూ పోండి. ఒత్తిడికి మొండిది కదులుతుంది. రెండూ అంచు దాకా వచ్చాకే గొట్టం విప్పి చేత్తో లాగండి. పైన హ్యాండిల్ దగ్గరి డబ్బాలో బ్రేక్ ఆయిల్ అడుగంటనివ్వొద్దు. కంప్రెసర్ గాలి జోలికి పోకండి, పిస్టన్ ఎగిరొస్తే వేళ్లు నలుగుతాయి.

అసలు దొంగ సీలు, అంటే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు, కూర్చునే గాడి. అందులో పేరుకున్న తెల్లటి అల్యూమినియం తుప్పు సీలును పిస్టన్ మీదికి నొక్కేస్తుంది. ఓపిగ్గా గీకండి, గాడికి గీత పడకుండా. అరగంట నాకు దానికే పట్టింది.

కొత్త సీళ్లకు డాట్ 4 బ్రేక్ ఆయిలే రాయండి. పెట్రోలు, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. డాట్ 4 పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. సీలు రాసుకునేచోట పిస్టన్‌కు గుంటలుంటే మార్చాల్సిందే. చెన్నైలో పాత స్పేర్ పార్టులు దొరికే పుదుపేటలో వెతకొచ్చు, సీళ్లు మాత్రం కొత్తవే కొనండి.

బ్రేక్ గొట్టంలో చేరిన గాలి పూర్తిగా తీసి, లివర్ గట్టిపడ్డాకే రోడ్డెక్కండి. క్లాంపు కావాలంటే నా దగ్గరుంది.