సాసేజ్‌ని రంగు చూసి దించమని రాయకండి

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం వంటల పేజీలో ఇంట్లోనే సాసేజ్‌లు గ్రిల్ చేసి బన్‌లో పెట్టుకునే వంటకం వేశారు. ఫొటో చాలా బాగుంది, చూడగానే చేసుకోవాలనిపిస్తుంది. కానీ చేసే విధానం దగ్గరకొచ్చేసరికి పెద్ద మంట మీద బంగారు రంగు వచ్చేదాకా కాల్చి దించేయండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఒక్క ముక్క గురించే ఈ ఉత్తరం. మీ పేజీ ఒక్కటే అని కాదు, ఈ వంటకం రాసే చాలామంది ఇదే మాట రాస్తారు, చదివినవాళ్లు నమ్మి అలాగే చేస్తారు.

సాసేజ్ అంటే సన్నటి గొట్టం లాంటి తోలులో కూరిన ఖీమా. మాంసం పెద్ద ముక్కగా ఉన్నప్పుడు సూక్ష్మక్రిములు ఎక్కువగా దాని పైభాగానే ఉంటాయి, పైన బాగా కాలితే చచ్చిపోతాయి. అదే మాంసాన్ని ఖీమా కొట్టాక పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది కాబట్టి సాసేజ్ నడిమధ్యలో కూడా అవి ఉండొచ్చు. అందుకే పచ్చి సాసేజ్ విషయంలో తోలు ఎంత ఎర్రగా కాలిందన్నది కాదు, మధ్యలో ఎంత వేడెక్కిందన్నదే చూడాలి. పంది, గొర్రె, గొడ్డు మాంసం సాసేజ్ అయితే నడిమధ్యలో 71 డిగ్రీల సెల్సియస్, చికెన్ లేదా టర్కీ అయితే 74 డిగ్రీలు. ఈ రెండు అంకెలు లేకుండా ఈ వంటకం అచ్చు వేయకండి. వంట థర్మామీటర్‌ని పక్క నుంచి పొడవకుండా సాసేజ్ కొస నుంచి నిలువుగా మధ్యదాకా గుచ్చి చూడాలన్న మాట కూడా రాయండి, ఎందుకంటే అంత సన్నటి దాంట్లో పక్క నుంచి గుచ్చితే మధ్యభాగం సరిగ్గా దొరకదు.

రంగుని నమ్మితే రెండు రకాలుగా మోసపోతాం. ఒకటి, ఖీమా కావలసినంత వేడి ఎక్కకముందే గోధుమ రంగుకి తిరిగిపోవచ్చు, అది చూసి అయిపోయిందనుకుంటాం. రెండోది దీనికి పూర్తిగా తలకిందులు: మాంసం నిల్వ ఉండటానికి వాడే నైట్రైట్ అనే రసాయనం కలిపిన సాసేజ్ ఎంత ఉడికినా లోపల గులాబీ రంగులోనే ఉంటుంది, నైట్రైట్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే పదార్థంతో కలిసి ఆ రంగుని అలా నిలబెట్టేస్తుంది. ఇది తెలియక ఇంకా పచ్చిగా ఉందేమోనని టెన్షన్ పడి బొగ్గయ్యేదాకా కాలుస్తారు.

ప్యాకెట్‌లో వచ్చే హాట్ డాగ్ రకం చాలావరకు ముందే ఉడికించి ఉంటుంది, దానికి వేడెక్కడమే పని. అయినా గర్భిణులు, పెద్ద వయసువాళ్లు తింటుంటే దాన్ని కూడా పొగలు కక్కేంత వేడి చేయాలి, ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరిగే లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఒకటుంది కాబట్టి. ఏది పచ్చిదో ఏది ఉడికిందో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అది చదవండి అని ఒక్క వాక్యం వేస్తే చాలు.

ఇక మంట. పెద్ద మంట అని రాయడం వల్లే ఇళ్లలో సాసేజ్‌లు పగిలిపోతున్నాయి. తోలు గబుక్కున బిగుసుకుపోతుంది, లోపల కొవ్వు కరిగి ఆవిరి తన్నుకొస్తుంది, చీలి కొవ్వంతా నిప్పుల మీద కారుతుంది, మంట భగ్గున లేస్తుంది, పైన మాడు, లోపల పచ్చి. నిప్పుల మీద కొవ్వు కారి లేచే పొగలో మన ఆరోగ్యానికి పనికిరాని రసాయనాలు కూడా ఉంటాయి. బొగ్గులన్నీ గ్రిల్‌లో ఒక పక్కకే జరిపి రెండో పక్క ఖాళీగా వదిలేయండి. సాసేజ్‌లని ముందు ఆ ఖాళీ పక్కన పెట్టి, మూత వేసి, మధ్యమధ్యలో తిప్పుతూ నిదానంగా లోపలిదాకా వేడెక్కనిచ్చి, చివర్లో మాత్రం నిప్పుల మీదకి జరిపి రంగు తెప్పించుకోవాలి. గ్రిల్ పాన్ మీద చేసేవాళ్లయితే ముందు మరగని వేడినీళ్లలో, అంటే గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు కనిపించే వేడిలో, ఓ పది నిమిషాలు ఉంచి తీసి, తడి తుడిచి, అప్పుడు సన్నసెగ మీద కాల్చుకోవచ్చు. నీళ్లు తెర్లితే మాత్రం తోలు పగులుతుంది. ఫోర్కుతో చిల్లులు పొడవమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి అది ఎప్పుడూ అచ్చు వేయకండి, రుచి అంతా ఆ చిల్లుల్లోంచే పోతుంది. తిప్పడానికి పట్టకారు వాడాలి.

బన్ గురించి ఎక్కువ చెప్పను. లోపలివైపు కాస్త వెన్న రాసి అరనిమిషం కాలిస్తే చాలు, రసం పీల్చుకుని మెత్తబడిపోకుండా ఉంటుంది.

నాకు అంతకన్నా బాధ కలిగించింది పైన వేసే పుల్లటివాటిని మీరు ఇష్టమైతే వేసుకోవచ్చు అని వదిలేయడం. ఇష్టమైతే ఏమిటండీ? సాసేజ్‌లో ఉన్నంత కొవ్వు, ఉప్పు నోట్లో పడ్డాక రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది. పులుపు తగిలితే నోట్లో నీళ్లూరి ఆ జిడ్డు పోతుంది, మూడో ముక్క కూడా మొదటి ముక్కంత బాగుంటుంది. ఈ వంటకంలో సగం అదే. పైగా సీసా సాస్ కొనక్కర్లేకుండా చేసుకోవచ్చు. ఎర్ర ఉల్లిపాయని సన్నగా చీల్చి, సమానంగా వెనిగర్, నీళ్లు, కొంచెం ఉప్పు, కొంచెం చక్కెర కలిపి వేడిచేసి పోస్తే అరగంటలో తయారు, పులుపు తగిలి ఉల్లిపాయ చక్కటి గులాబీ రంగుకి వస్తుంది. ఆవాల ముద్దయితే ఇంకా సులువు కానీ ఒక కిటుకుంది. ఆవపిండిని చన్నీళ్లతోనే కలపాలి, పది నిమిషాలు ఆగాలి, ఆ తర్వాతే వెనిగర్ పోయాలి. ఆవ ఘాటు పిండిలో ముందే ఉండదు, నీళ్లు తగిలాక అందులోని ఒక ఎంజైమ్ దాన్ని పుట్టిస్తుంది. వేడినీళ్లు పోస్తే ఆ ఎంజైమ్ పోయి చేదు మిగులుతుంది, ఘాటు పూర్తిగా వచ్చాక వెనిగర్ కలిపితే అది నిలుస్తుంది.

ఓపిక ఉన్నవాళ్లకి పులిసిన క్యాబేజీ ఉంది, నా దృష్టిలో సాసేజ్‌కి దాన్ని మించిన జోడీ లేదు. కిలో క్యాబేజీ సన్నగా తరిగి 20 గ్రాముల ఉప్పు వేసి నీరు ఊరేదాకా గట్టిగా పిసకాలి, శుభ్రమైన జాడీలో కూరి, ముక్కలన్నీ ఆ నీటిలో మునిగేలా బరువు పెట్టాలి. 21 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ ఉండే చోట మూడు నాలుగు వారాలకి పులుస్తుంది. వెనిగర్ చుక్క కూడా అక్కర్లేదు, ఆకుల మీద ఉండే లాక్టిక్ బ్యాక్టీరియానే పులుపు తయారుచేస్తుంది. ముక్కలు నీటి పైకి తేలితే బూజు పడుతుంది, అందుకే ఆ బరువు.

ఈ వంటకం వారంవారం తినమని ఊరించే శీర్షిక మాత్రం పెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజ్, హాట్ డాగ్ లాంటి, నిల్వ ఉండేలా ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఎప్పుడో ఒకసారి, బాగా చేసుకుని తినాలి.

ఈసారి వేసేటప్పుడు ఒక చిన్న బాక్స్ కట్టి, పెద్ద అక్షరాల్లో రెండు హెచ్చరికలు ఇవ్వండి. బొగ్గుల గ్రిల్‌ని ఇంటి లోపల, తలుపులు మూసిన గదిలో, షెడ్డులో వెలిగించకూడదు, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపేస్తుంది, మంట ఆరి బూడిద పట్టిన బొగ్గుల్లోంచి కూడా వస్తూనే ఉంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకి సాసేజ్‌ని గుండ్రటి బిళ్లలుగా కోసి పెట్టకూడదు, ఆ బిళ్ల సరిగ్గా వాళ్ల గొంతుకి అడ్డం పడే సైజులో ఉంటుంది. ముందు నిలువుగా చీల్చి, ఆ తర్వాత చిన్న ముక్కలు చేసి, పక్కన కూర్చుని తినిపించాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు